లెక్కలోకి రాని బోండాం నీళ్లు

ఆ రోజు పొద్దున ఇడ్లీ పాత్ర మూత తీయగానే కడుపులో తిప్పింది. ఏళ్ల తరబడి ఆ ఆవిరి ముఖానికి తగిలితేనే నాకు తెల్లవారినట్టు. అలాంటిది బండి వెనక్కి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ కార్మికులు నా వైపే చూశారు. టిఫిన్ అమ్మే మనిషి బండి పక్కనే కక్కుకుంటే ఇక గిరాకీ ఏముంటుంది? ముఖం కడుక్కుని, ఏమీ కానట్టు వచ్చి మళ్లీ చట్నీ పోశాను.

మా బండి గగన్‌పహాడ్‌లో, కంపెనీలకు వెళ్లే దారిలో ఉంటుంది. నేను, మా ఆయన యాదయ్య కలిసి నడుపుతాం. మా ఊరు శంషాబాద్ దాటాక వస్తుంది. నా పేరు అండాలు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి గోలీలు తెచ్చుకుని మింగడం నాకు అలవాటు. చీటీ లేదు, డాక్టర్ లేడు. నొప్పి తగ్గితే చాలనుకునేదాన్ని.

వాంతితో ఆగలేదు. కాళ్లు ఉబ్బి మెట్టెలు వేళ్లలో దిగబడ్డాయి. పొద్దున లేస్తే కళ్ల చుట్టూ వాపు. నిలబడి నిలబడి అలా అయిందన్నాడు మా ఆయన. మా పద్మక్క మాత్రం దిష్టి అంది. అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది పద్మక్కే. ఆమెను ఇచ్చింది పహాడీ షరీఫ్ వైపు. నా వాపు సంగతి ఫోనులో విని సాయంత్రానికల్లా వచ్చేసి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు.

"జూసినవా? మిరపకాయలు కాలినా దగ్గు రాలే. ఎంత దిష్టి తగిలిందో నీకు!" అంది.

దిష్టి పోయిందని సంతోషపడ్డాం. వాపు పోలేదు.

చివరికి మా ఊరి పల్లె దవాఖానకు వెళ్లాను. నర్సమ్మ BP చూసి, మిషన్ చెడిపోయిందేమోనని ఇంకో చేతికి కట్టి మళ్లీ చూసింది. వెంటనే ట్యాబ్ తీసి వీడియో కాల్ చేసింది. తెర మీద ఒక లేడీ డాక్టర్ వచ్చి, నా కాలి మీద బొటనవేలితో నొక్కి చూపించమంది. నర్సమ్మ నొక్కితే గుంట పడింది, వేలు తీసినా పూడలేదు. డాక్టరమ్మ ఏదో చెబుతుంటే పైనుంచి విమానం వెళ్లింది. మా ఊళ్లో విమానం వెళ్తుంటే అందరం నోరు మూసుకుని ఆగుతాం. చప్పుడు తగ్గాక "మళ్లీ చెప్పుండ్రి మేడమ్" అన్నాను.

"రక్తం తీసి పంపుతారమ్మా. రేపు రిపోర్ట్ వస్తుంది. అప్పటిదాకా ఆ నొప్పి గోలీలు ఒక్కటి కూడా వేసుకోవద్దు" అంది ఆమె.

మరునాడు రిపోర్ట్ కన్నా ముందు నర్సమ్మే మా బండి దగ్గరికి వచ్చింది. గోలీల కోసం మనం వాళ్ల దగ్గరికి వెళ్లడం తెలుసు కానీ, వాళ్లు మనల్ని వెతుక్కుంటూ రావడం నేనెప్పుడూ చూడలేదు.

"కిడ్నీల పరీక్షల creatinine బాగ ఎక్కువుందక్కా. ఇయ్యాలనే సిటీకి పోవాలె. బండి బంద్ వెట్టుండ్రి" అంది.

సిటీలోని పెద్ద దవాఖానలో స్కానింగ్ చేశారు. కిడ్నీ డాక్టర్ కోస్తా వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. "రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయమ్మా. మళ్లీ మామూలు స్థితికి రావు. వారానికి మూడుసార్లు dialysis చేయించుకోవాలి" అన్నారు.

"ఎన్ని రోజులు సార్?" అని అడిగాను.

"కిడ్నీ మార్పిడి జరగకపోతే జీవితాంతం చేయించుకోవాలమ్మా" అన్నారు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ తర్వాత ఆయన, ఆహారం గురించి చెప్పే మేడమ్, ఇద్దరూ చాలాసేపు మాట్లాడారు. నీళ్లు తగ్గించాలి, పండ్లు ఆపాలి, కూరగాయలు ఉడికించి ఆ నీళ్లు వంపేయాలి, ఇలా ఎన్నో. అన్నీ చెప్పే ఉంటారు. ఆ భయంలో నా చెవికి సగం కూడా ఎక్కలేదు. మా ఆయన తలూపుతూనే ఉన్నాడు. మా పెళ్లిలో మంత్రాలకు కూడా అలాగే తలూపాడు.

మొదట మెడలో గొట్టం వేశారు. తర్వాత dialysis సూదులు గుచ్చడానికి ఎడమ చేతికి చిన్న ఆపరేషన్ చేసి, రక్తనాళాలు కలిపి fistula పెట్టారు. వేలు పెట్టి చూస్తే లోపల బుర్రుమని కొట్టుకుంటుంది. అది ఆగిపోతే వెంటనే రమ్మన్నారు. ఇక అప్పటినుంచి నిద్రలో కూడా నా కుడిచేయి ఎడమచేతి మీదే.

Dialysis ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. సూది నొప్పి ఓర్చుకోవచ్చు. నా రక్తం ఎర్రగా ఆ గొట్టంలో నా ఒంట్లోంచి బయటికి వెళ్తుంటే చూడటం నాకు ఓర్చుకోరానిదైంది. అది తిరిగి వస్తుందని చెప్పారు. వస్తూనే ఉంటుంది కూడా. అయినా కరెంటు పోతే, మిషన్ ఆగితే, బయట ఉన్న రక్తం బయటే ఉండిపోతే ఏం కావాలని మొదటి నెలంతా గోడవైపే తిరిగి పడుకున్నాను.

దానికి తోడు దారి. మా ఊరినుంచి శంషాబాద్, అక్కణ్ణుంచి బస్సులో ఆరాంఘర్ మీదుగా సిటీకి. తిరిగొచ్చేటప్పుడు కళ్లు తిరిగేవి, ఒక్కదాన్నే రాలేకపోయేదాన్ని. మా ఆయన వెంట వచ్చేవాడు, బండి మూతబడేది. కొన్నిసార్లు ఓపిక లేక వెళ్లలేదు. వెళ్లని రాత్రి పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే భయం. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆ నెలల్లోనే మా బండి జాగాలో ఇంకొకరు బండి పెట్టుకున్నారు.

అలాంటప్పుడు శంషాబాద్‌లోని సర్కారు దవాఖానలోనే dialysis మొదలవుతుందని నర్సమ్మ చెప్పింది. గదులు, డ్యూటీ డాక్టర్ సర్కారు తరఫున. మిషన్లు ఏదో ట్రస్టు ఇచ్చింది. నడిపేది ఒక ప్రైవేటు కంపెనీ మనుషులు. కిడ్నీ డాక్టర్ మాత్రం సిటీలోనే ఉండి తెర మీద చూస్తారు. మన దగ్గర పైసా తీసుకోరు. వినడానికి బాగానే ఉంది కానీ నాకు నమ్మకం కుదరలేదు. పదిమందిలో పాము చావదంటారు. సగంలో నాకేమన్నా అయితే సర్కారు కంపెనీని చూస్తుందా, కంపెనీ ట్రస్టును చూస్తుందా, నన్నెవరు చూస్తారు?

"టీవీల డాక్టర్ నాకు వద్దు" అన్నాను.

"నీకు సీరియల్ డాక్టర్లయితే ఇష్టమే గదా" అన్నాడు మా ఆయన. నవ్వు రాలేదు కానీ వెళ్లాను. సిటీకి వెళ్లే శక్తి లేక వెళ్లాను.

అక్కడ technician పేరు సునీత. శంషాబాద్ అమ్మాయే. మొదటిరోజు నా ముఖం చూసి, "అక్కా, కరెంటు పోతదని భయమా? గీ మిషన్ల బ్యాటరీ ఉంటది. అది గూడ ఆగితే నేను చేతితోని తిప్పి మీ రక్తం మీకు పంపిస్త" అంది. తిప్పే పిడి కూడా చూపించింది. గోడకున్న తెరలో కిడ్నీ డాక్టర్ కనిపించారు. సిటీలో నన్ను చూసిన ఆయనే! నా బరువు, BP, మిషన్ మీద అంకెలు అన్నీ ఆయనకు అక్కడ కనిపిస్తాయట. "అండాలు గారూ, మీ ఊరికి దగ్గరైంది కదా, ఇక ఎగ్గొట్టకండి" అన్నారు. సోమ, బుధ, శుక్రవారాలు నావి. మిగతా రోజుల్లో మా ఆయన బండిని ఇంకొంచెం అవతల పెట్టి నడపడం మొదలుపెట్టాడు. కొంచెం ఊపిరి పీల్చుకున్నాం.

వేసవి వచ్చింది. ఈ జబ్బులో దాహం ఒక శిక్ష. రోజుకు ఒక చిన్న సీసా నీళ్లు, అంతే. గోలీలు మింగడానికీ అందులోంచే. మా ఆయన ఆ సీసా నింపి ఇచ్చేవాడు, నేను గుక్క గుక్కకూ దాచుకునేదాన్ని. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మేటప్పుడు, ఒక్క గుక్క గొంతులోకి జారితే బాగుండునని ఏడుపు వచ్చేది.

ఆ శుక్రవారం dialysis అయ్యాక పద్మక్క వచ్చింది. చేతి సంచీ నిండా కొబ్బరి బోండాలు. శని, ఆదివారాలు నా దగ్గరే ఉంటానంది. నా పెదవులు చూసి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాలుక పిడచగట్టిపోయింది గదనే. జర బోండాం తాగు."

"నీళ్లు తాగొద్దన్నరక్కా" అన్నాను.

"గిది నీళ్లెట్లయితది? మందు గిది. ఎసుంటి రోగానికైనా ఇస్తరు. దవాఖాన గేటు ముంగట ఏం అమ్ముతరు చెప్పు?"

నిజమే. ఏ దవాఖాన ముందు చూసినా బోండాల బండే. వడదెబ్బకు అదే, కామెర్లకు అదే, కాన్పు అయినదానికి అదే. మా ఆయన కూడా, "చలువ చేస్తది, తాగు" అన్నాడు. నీళ్ల సీసా దగ్గర అంత కచ్చితంగా ఉండే మనిషే, బోండాం కొట్టి గ్లాసులో పోసి తనే ఇచ్చాడు. పండ్లు వద్దన్నారు, ఇది పండు కాదు. నీళ్లు వద్దన్నారు, ఇది నీళ్లు కాదు. అలా అది మా లెక్కలోకే రాలేదు. ఆ మొదటి గుక్క దిగుతుంటే ప్రాణం లేచి వచ్చింది. రెండు రోజులూ దాహం వేసినప్పుడల్లా తాగాను. నెలల తర్వాత కడుపు చల్లబడి హాయిగా నిద్రపోయాను.

సోమవారం పొద్దున లేవబోతే కాళ్లు రాలేదు. మొద్దుబారడం కాదు, అసలు నావి కానట్టు పడి ఉన్నాయి. చేయెత్తి గ్లాసు పట్టుకుంటే జారిపోయింది. మా ఆయన్ను పిలుద్దామంటే నాలుక మందంగా ఉంది. అన్నిటికన్నా గుండె. ఒకసారి కొట్టుకుంటుంది, తర్వాత ఆగుతుంది. ఇంకోసారి కొట్టుకుంటుందో లేదోనని నేను ఎదురుచూస్తున్నాను. అలాంటి ఎదురుచూపు పగవాళ్లకు కూడా వద్దు. చనిపోతున్నానని నాకు స్పష్టంగా అనిపించింది. ఏడవడానికి కూడా బలం లేదు.

అక్క అరుపులకు పక్కింటి ఆటో వచ్చింది. నన్ను ఎత్తి అందులో వేశారు. శంషాబాద్ చేరేసరికి మా ఆయన, "సీద సిటీకి పోనియ్" అన్నాడు.

"గీడ దవాఖాన ఉన్నది గదా!" అంది అక్క.

"పానం మీదికొచ్చినంక టీవీల ఉన్న డాక్టర్ ఏం జేస్తడొదినా? పెద్ద దవాఖానకే పోవాలె."

అంతలో సునీత ఫోన్ చేసింది. నాది మొదటి వంతు, రాలేదేమని. మా ఆయన గబగబా చెప్పాడు. ఆ అమ్మాయి అరుపు నాకూ వినిపించింది. "అన్నా, ముంగటికి పోకుండ్రి! గీడికే రాండ్రి. డ్యూటీ డాక్టరమ్మ ఉన్నది, ECG మిషన్ పెడ్తున్న. సార్‌కు గూడ చెప్తున్న."

ఆటో రోడ్డు పక్కన ఆగింది. మా ఆయన నా ముఖంలోకి వంగి, "ఏం జేద్దామే?" అని అడిగాడు. కాపురంలో మొదటిసారి నన్ను నిజంగా సలహా అడిగాడు, అదీ నోరు లేవనప్పుడు. గగన్‌పహాడ్ దగ్గర లారీలు, ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్, అన్నీ నా కళ్ల ముందు తిరిగాయి. కళ్లతోనే దవాఖాన వైపు చూపించాను. ఆ తెర మీద నమ్మకంతో కాదు. ఆరాంఘర్ దాకా బతికుంటానన్న నమ్మకం లేక.

లోపలికి తీసుకెళ్లగానే ఛాతీ మీద, చేతులకు, కాళ్లకు వైర్లు అంటించారు. కాగితం బయటికి వస్తుండగానే తెర మీద కిడ్నీ డాక్టర్ ఉన్నారు. ఆ గీతలు ఆయనకు అప్పటికే చేరాయట. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి గొంతు మారిపోయింది.

"T waves చూడండి డాక్టర్. పొటాషియం చాలా ఎక్కువుంది. ల్యాబ్ రిపోర్ట్ కోసం ఆగొద్దు. Calcium gluconate ఇవ్వండి, ఇప్పుడే. మానిటర్ చూస్తూ నెమ్మదిగా..."

అంతే. తెర ఆగిపోయింది. ఆయన ముఖం నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. నేను అనుకున్నదే అయింది! నెట్‌తో పాటే నా ప్రాణం కూడా పోతుందనుకున్నాను. మా ఆయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కానీ డ్యూటీ డాక్టరమ్మ తెర వైపు చూడనే లేదు. అప్పటికే సిరంజిలోకి మందు ఎక్కించింది. సునీత జేబులో ఫోన్ మోగింది. అది కిడ్నీ డాక్టరే. ఫోన్ నా తల పక్కన పెట్టింది. ఆయన చెబుతున్నారు, డాక్టరమ్మ చేస్తోంది, సునీత మిషన్ సిద్ధం చేస్తోంది. ఇన్సులిన్, గ్లూకోజ్ అన్న మాటలు వినిపించాయి. మందు వెళ్తున్న కొద్దీ, నా గుండె చప్పుళ్ల మధ్య ఎదురుచూపు తగ్గుతూ వచ్చింది. నా చేతికి సూదులు గుచ్చారు. ఆ రోజు మొదటిసారి నేను గోడవైపు తిరగలేదు. నా రక్తం గొట్టంలో తిరుగుతుంటే రెప్ప వేయకుండా చూశాను.

కొంతసేపటికి తెర మళ్లీ వెలిగింది. ప్రమాదం కొంత తగ్గిందని తెలిశాక డాక్టర్ అడిగారు. "శుక్రవారం నుంచి ఏం తిన్నారో చెప్పండి."

మా ఆయన చెప్పాడు. అన్నం, వంపిన కూర, ఉప్పు లేని పప్పుచారు.

"పండ్లు?"

"ముట్టలే సార్."

"టమాటా? ఆకుకూరలు?"

"లేదు సార్."

డాక్టర్ నుదురు రుద్దుకున్నారు. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకు అంతుపట్టలేదు. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ మా పద్మక్క, చెల్లిని ఎంత జాగ్రత్తగా చూసుకుందో చెప్పాలనుకుని ముందుకొచ్చింది.

"ఒక్క గుక్క నీళ్లు గూడ ఎక్కువ తాగనియ్యలే సార్. దూప అంటే బోండాలే తాగిపిచ్చిన."

సునీత నా వైపు చూసి కళ్లు మూసుకుంది.

"ఎన్ని తాగించారమ్మా?" అని డాక్టర్ మెల్లగా అడిగారు.

అక్కకు అప్పటికీ అర్థం కాలేదు. వేళ్లు మడుస్తూ చెప్పబోయి, అందరి ముఖాలూ చూసి సగంలో ఆగింది.

"కొబ్బరి నీళ్లలో పొటాషియం చాలా ఉంటుంది. మంచి కిడ్నీలైతే బయటికి పంపేస్తాయి. వీరికి లోపలే ఉండిపోతుంది, గుండెను ఆపేస్తుంది" అన్నారు డాక్టర్. అక్క అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన మళ్లీ అన్నారు, "ఏడవకండమ్మా. ఏం తిన్నారనే మేం ఎప్పుడూ అడుగుతాం. మంచిదని ఎవరేం తాగించారని అడగలేదు. అది మా పొరపాటు కూడా."

ఇప్పుడు ఆ సెంటర్లో ప్రతి పేషెంటునూ సునీత ఆ ప్రశ్న అడుగుతుంది. అడిగితే ఎన్నెన్ని బయటపడ్డాయో! ఒకాయనకు వాళ్లమ్మ మునగాకు రసం ఇస్తోంది, ఒకామె చెట్ల మందు తాగుతోంది. అందరికీ ఇంట్లో ఒక పద్మక్క ఉంది.

మా పద్మక్క మాత్రం ఆ తర్వాత మా ఇంటికి రావడం మానేసింది. ఫోన్ చేస్తే, "నా చేతులతోనే సంపుకుంటుంటి గదనే నిన్ను" అని ఏడ్చి పెట్టేసేది. "తాగింది నేను, తాగమని గ్లాసు ఇచ్చింది ఆయన, నువ్వొక్కదానివే ఎందుకు మోస్తవ్?" అని ఎంత చెప్పినా వినలేదు. జబ్బు కన్నా ఆ దూరం నన్ను ఎక్కువ కుంగదీసింది.

ఇప్పుడు నేను బాగానే ఉన్నాను. బాగుండటం అంటే మాకు వారానికి మూడుసార్లు బాగుండటం. మిగతా రోజుల్లో బండి దగ్గర స్టూల్ వేసుకుని కూర్చుంటాను, మా ఆయన దోసెలు ఎక్కడ మాడ్చాడో చెబుతుంటాను. భయం పోలేదు. శని, ఆదివారాలు వస్తే ఇప్పటికీ గుండె మీద చెయ్యి పెట్టుకుని లెక్కపెట్టుకుంటాను. కాలు కాస్త బరువనిపిస్తే చెమట పడుతుంది.

ఈమధ్య ఒక బుధవారం నేను మిషన్ మీద ఉండగా పద్మక్క సెంటర్‌కు వచ్చింది. ఉత్త చేతులతో వచ్చింది. రోగిని చూడటానికి ఏమీ పట్టుకోకుండా రావడం మా వాళ్లకు ఎంత నామోషీయో మీకు తెలుసు. నా దగ్గరికి రాకుండా ముందు సునీతతో ఏదో మాట్లాడింది, తర్వాత తెర ముందు నిలబడి డాక్టర్‌తో మాట్లాడింది. ఆ తర్వాత వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది.

"ఈసారి అడిగే వచ్చిన్నే. అక్క కిడ్నీ చెల్లెకు ఇయ్యొచ్చునట. నా రక్తం పరీక్ష చేస్తరట" అంది.

ఆమె వయసేమిటి, ఆమె BP ఎంత, ఆమెకేమన్నా అయితే ఎవరు దిక్కు? వద్దన్నాను, కోప్పడ్డాను. నా మాట ఆమె ఎప్పుడు విన్నది కనుక! పరీక్షలు జరుగుతున్నాయి. ఇంకా ఏదీ తేలలేదు. ఇదివరకు నా ఒక్కదాని ప్రాణానికే భయపడేదాన్ని, ఇప్పుడు ఇద్దరి కోసం భయపడుతున్నాను.

మీ ఇంట్లో కిడ్నీ జబ్బు మనిషి ఉంటే నేను చెప్పేది ఒక్కటే. మందు కాదు, తిండి కాదు, చలువకే కదా అనుకునేదైనా సరే, నోట్లో పోసే ముందు ఒక్క ఫోన్ చేసి అడగండి. డాక్టర్ మన ఊరిదాకా వచ్చారు. ఇంట్లో ఎవరు ప్రేమతో ఏం ఇస్తున్నారో మాత్రం మనమే చెప్పాలి.